ఒక పిస్తోలుకు ఎన్ని పుట్టినరోజులు?

జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురిలో ఏదైనా సైకిలు రిపేరు షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. ఒక పాత సైకిలు వచ్చిందనుకుందాం. దాని ఫ్రేము ముప్పై ఏళ్ల నాటిది. రిమ్ములు పదేళ్ల క్రితం మార్చారు. చైను పోయిన ఏడాది వేశారు. ట్యూబు నిన్ననే వేశారు. ఇప్పుడు "ఈ సైకిలు ఏ సంవత్సరానిది?" అని అడిగితే ఏం జవాబు చెబుతారు?

"ఇది మా నాన్నగారి సైకిలండీ" అంటాడు యజమాని. అబద్ధమేమీ కాదు. కానీ అందులో నాన్నగారు తొక్కిన భాగం ఎంత? ఫ్రేము మీద కొట్టిన నంబరు, ఆ నంబరు రాసి ఉన్న పాత రసీదు దొరికితే ఫ్రేము సంగతి తేలుతుంది. రిమ్ముల సంగతి, చైను సంగతి మాత్రం ఆ రసీదు చెప్పలేదు.

చిన్న విషయంలా కనిపించే ఈ ప్రశ్న చరిత్రకారులకు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. మ్యూజియానికో, కోర్టుకో ఒక పాత సైనిక పిస్తోలు వస్తుంది. "ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటిది" అనో, "ఫలానా విప్లవకారుడు వాడినది" అనో దానితో పాటు ఒక కథ కూడా వస్తుంది. ఆ కథ నిజమా, కాదా? పిస్తోలు నోరు విప్పి చెప్పదు. దాని ఒంటిమీది గుర్తులు మాత్రం చెబుతాయి, చదవడం తెలిస్తే.

గోల్‌మురి నేర్పే పాఠం

ఇనుముకు జాతకం రాసే అలవాటు గోల్‌మురికి కొత్త కాదు. టిన్‌ప్లేట్ కంపెనీ ఆఫ్ ఇండియా 1920లో ఏర్పడి, గోల్‌మురిలో ఫ్యాక్టరీ పెట్టింది. 1922 నుంచి అక్కడ తగరపు పూత రేకులు తయారవుతున్నాయి. 2024లో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో విలీనమైంది. ఉక్కు కర్మాగారంలో ఒక్కోసారి కరిగించి తీసిన లోహానికి ఒక్కో నంబరు ఇస్తారు. దాన్ని హీట్ నంబరు అంటారు. రేకులో ఏదైనా లోపం కనబడితే ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి, ఆ రోజు కొలిమిలో ఏం జరిగిందో తెలుసుకోవచ్చు.

అదే గోల్‌మురిలో జిల్లా పోలీస్ లైన్స్ కూడా ఉంది. మన దేశంలో పోలీసుల రైఫిళ్లకు సాధారణంగా రెండు నంబర్లుంటాయి. ఒకటి తయారీదారు లోహం మీద కొట్టిన బాడీ నంబరు. రెండోది ఆ దళం వారు తమ లెక్క కోసం కర్ర మీద వేసుకున్న బట్ నంబరు. కర్ర విరిగితే కొత్తది బిగిస్తారు. బట్ నంబరు మళ్లీ వేస్తారు. బాడీ నంబరు మాత్రం మారదు. ఒకే ఆయుధం మీద ఉన్నా ఈ రెండు నంబర్లు రెండు వేర్వేరు వస్తువుల గురించి చెబుతున్నాయన్నమాట.

ఇంకొక ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైన్యం వాడిన ఒక కవచ వాహనానికి "టాటానగర్" అనే పేరు వచ్చింది. దాని ఉక్కు కవచపు పలకలు జంషెడ్‌పూర్‌వి. కింది చాసిస్ కెనడాలోని ఫోర్డ్ కంపెనీది. దీన్ని "అతుకుల బండి" అనవచ్చా? అనకూడదు. అది పుట్టుకతోనే రెండు దేశాల భాగాలతో పుట్టింది. కాబట్టి ఒక వస్తువులో వేర్వేరు చోట్ల తయారైన భాగాలు కనిపించగానే "ఎవరో మార్చేశారు" అనేయడం తొందరపాటు. పుట్టుకతో వచ్చిన కలయిక వేరు, తర్వాత జరిగిన కలయిక వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి. పిస్తోలు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

భాగాలు మార్చుకునే విద్య

పూర్వం తుపాకులను ఒక్కొక్కటిగా చేతితో, ఆకురాయితో రుద్ది తయారుచేసేవారు. ఒక తుపాకి భాగం మరో తుపాకికి పట్టేది కాదు. యుద్ధరంగంలో చిన్న స్ప్రింగు విరిగినా తుపాకి మూలపడేది. ఫ్రాన్సులో ఓనొరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు ఈ పద్ధతి మార్చాలని చూశాడు. అతని పనిని 1785లో స్వయంగా చూసినవాడు అప్పటి అమెరికా రాయబారి థామస్ జెఫర్‌సన్. కుప్పగా పోసిన విడిభాగాల్లోంచి చేతికందినవి తీసుకుని తుపాకి తాళాలను తానే బిగించి చూశాననీ, అన్నీ చక్కగా అమరాయనీ ఆయన తన దేశానికి ఉత్తరం రాశాడు.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివే విద్యార్థులకు దీని వెనుక సూత్రం తెలిసినదే. ప్రతి భాగానికీ ఒక కొలత, ఆ కొలతకు అటూ ఇటూ ఎంత తేడా వరకు ఫరవాలేదో చెప్పే హద్దు ఉంటాయి. "గో, నో గో" గేజితో సరిచూస్తారు. గేజి ఒప్పుకున్న ప్రతి భాగమూ ఏ యంత్రానికైనా సరిపోతుంది. ఈ పద్ధతి వల్లనే రిపేరు సులువైంది, భారీ ఉత్పత్తి సాధ్యమైంది.

కానీ ప్రతి లాభానికీ ఒక వెల ఉంటుంది. ఏ పిస్తోలుకైనా సరిపోయే భాగం ఏ పిస్తోలుకూ ప్రత్యేకంగా చెందదు. రిపేరు చేసేవాడికి వరమైనది చరిత్రకారుడికి చిక్కయింది.

ఐదు కంపెనీలు, ఒకటే నమూనా

ఈ చిక్కు బాగా కనిపించే ఆయుధం అమెరికా సైన్యం వాడిన .45 బోరు పిస్తోలు. దాని రూపకర్త జాన్ బ్రౌనింగ్. సైన్యం దాన్ని 1911లో స్వీకరించింది కనుక ఎం1911 అనే పేరు వచ్చింది. గుండు వ్యాసం సుమారు 11.4 మిల్లీమీటర్లు. 1920లలో కొన్ని మార్పులు చేశారు: ట్రిగ్గర్ పొట్టిదైంది, పిడి వెనుక భాగం బల్లపరుపుగా ఉండేది వంపు తిరిగింది, ట్రిగ్గర్ వెనుక చట్రానికి రెండు వైపులా వేలు ఆనడానికి చిన్న పల్లాలు తీశారు. ఈ మార్పులతో వచ్చినది ఎం1911ఏ1.

రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్క కోల్ట్ కంపెనీ తయారీ చాలలేదు. టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, వేట తుపాకులు చేసే ఇతాకా, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, కుట్టుమిషన్ల సింగర్ కూడా ఇదే పిస్తోలు తయారుచేశాయి. అందరిలోకీ ఎక్కువ చేసింది రెమింగ్టన్ రాండ్. సింగర్ చేసినవి 500 మాత్రమే. వాటి నంబర్లు ఎస్800001 నుంచి ఎస్800500 వరకు. యూనియన్ స్విచ్ 1943లో 55,000 చేసింది. వాటికి 1041405 నుంచి 1096404 వరకు నంబర్లు కేటాయించారు. తీసివేత చేసి ఒకటి కలపండి, లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ పిస్తోలులో నంబరు ఉండేది చట్రం మీద. పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని స్లయిడ్ అంటారు. దాని మీద కంపెనీ పేరు ఉంటుంది గానీ, యుద్ధకాలపు ఎం1911ఏ1లో చాలావరకు పిస్తోలు నంబరు ఉండదు. సైనికులు పదిమంది పిస్తోళ్లను ఒకేసారి విప్పి శుభ్రం చేసినప్పుడు ఒకరి స్లయిడ్ మరొకరి చట్రం మీదికి ఎక్కినా ఏ ఇబ్బందీ లేదు, అన్నీ పనిచేస్తాయి. యుద్ధం తర్వాత ఆయుధాగారాల్లో వేల పిస్తోళ్లను విప్పి, అరిగిన భాగాలు తీసేసి, మంచివి ఏరి మళ్లీ బిగించారు. అలా బాగుచేసిన చోటును బట్టి రాక్ ఐలాండ్ అయితే ఆర్‌ఐఏ అనీ, అగస్టా అయితే ఏఏ అనీ ముద్ర వేసేవారు.

ఒక నమూనా పరీక్ష

జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే చాకులియా ఉంది. 1944లో అక్కడి విమానాశ్రయం నుంచి అమెరికా బి-29 బాంబర్లు ఎగిరేవి. అమెరికన్ సైనికులకు ఇచ్చే చేతి ఆయుధాల్లో .45 పిస్తోలు ముఖ్యమైనది. "ఇది చాకులియాలో ఉన్న అమెరికన్ పైలట్ 1944లో నడుముకు కట్టుకున్న పిస్తోలు" అనే కథతో ఒక ఆయుధం మ్యూజియానికి వచ్చిందనుకుందాం. ఇది కేవలం ఊహ. పద్ధతి నేర్చుకోవడానికి మాత్రమే. మనం పరీక్షకులం. ఏం చేయాలి?

మొదట చట్రం. నంబరు 1050000 కి పైన ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం యూనియన్ స్విచ్ తయారీ, 1943. చట్రం ఎడమ వైపు ఆర్‌సీడీ అనే మూడక్షరాల ముద్ర ఉంది. అది సైనిక తనిఖీ అధికారి రాబర్ట్ డౌనీ పొడి అక్షరాలు. యూనియన్ స్విచ్ పిస్తోళ్ల మీద ఉండవలసిన ముద్రే అది. అదే ఎఫ్‌జేఏ అని ఉంటే అనుమానించాలి. అది రెమింగ్టన్ రాండ్, ఇతాకా పిస్తోళ్ల మీద కనిపించే ఫ్రాంక్ ఆట్‌వుడ్ ముద్ర. ఇంతవరకు కథకు అడ్డులేదు.

తర్వాత బ్యారెల్, అంటే గొట్టం. దాని మీద హెచ్‌ఎస్ అని ఉంది. హైస్టాండర్డ్ అనే వేరే కంపెనీ గుర్తు! కొత్తవాళ్లు ఇక్కడ "గొట్టం మార్చారు" అని రాసేస్తారు. నిజానికి యూనియన్ స్విచ్ తన పిస్తోళ్లకు హైస్టాండర్డ్ గొట్టాలే బిగించేది. "టాటానగర్" బండి చాసిస్ లాగే ఇది పుట్టుకతో వచ్చిన కలయిక.

ఇక స్లయిడ్. కంపెనీ పేరు లేదు. 7790314 అనే ఏడంకెల సంఖ్య ఉంది. ఇది పిస్తోలు నంబరనుకుంటే మోసపోతాం. సైన్యం వారి ఇంజనీరింగ్ డ్రాయింగు నంబరు అది. యుద్ధం ముగిశాక తయారైన మారకపు స్లయిడ్‌ల మీద కనిపిస్తుంది. ఒకే సంఖ్య వేల స్లయిడ్‌ల మీద ఉంటుంది. అంటే అది ఒక వస్తువు పేరు కాదు, ఒక జాతి పేరు.

చివరగా పైపూత. పాత కోల్ట్ పిస్తోళ్లకు నీలి నలుపు నిగనిగలుండేవి. ఇనుము ఉపరితలం నియంత్రితంగా ఆక్సీకరణం చెంది ఏర్పడే నల్లని ఐరన్ ఆక్సైడ్ పొర అది. యుద్ధకాలంలో ఎక్కువగా ఫాస్ఫేటు పూత వాడారు. అది మెరవదు, బూడిద రంగులో గరుకుగా ఉండి నూనెను పట్టి ఉంచుతుంది. మన పిస్తోలులో చట్రానికి, స్లయిడ్‌కు ఒకే ఛాయలో ఫాస్ఫేటు పూత ఉంది. చట్రం మీది పాత గీతల లోపల కూడా పూత పట్టి ఉంది. గీతలు ముందు పడ్డాయి, పూత తర్వాత వేశారు. అంటే రెండింటినీ బిగించాక కొత్తగా పూత వేసి ఉండాలి.

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చు. చట్రం 1943 నాటిది, యుద్ధంలో ఉండి ఉండవచ్చు. గొట్టం కూడా అంతే. కానీ ఇప్పుడు మన కళ్ల ముందున్న పిస్తోలు, ఈ రూపంలో, 1944లో లేదు. మనం వాడిన సూత్రం చాలా సరళమైనది: అన్నిటికంటే చిన్న వయసున్న భాగం పుట్టకముందు ఆ కూర్పు పుట్టి ఉండదు. పురావస్తు తవ్వకాల్లో ఒక పొర వయసును అందులో దొరికిన చివరి నాణెంతో లెక్కించేది కూడా ఇదే తర్కంతో. పొరలో అశోకుని కాలపు నాణేలు వంద ఉన్నా, కదలని ఆ పొరలోనే ఒక్క విక్టోరియా నాణెం దొరికితే ఆ పొర బ్రిటిషు వారి కాలానికి ముందుది కాదు.

చాకులియా కథ అబద్ధమని మనం నిరూపించామా? లేదు. ఆ చట్రం చాకులియాలో ఉండి ఉండవచ్చు. కానీ దానికి పిస్తోలు సాక్ష్యం చాలదు; ఆ నంబరు రాసి ఉన్న అప్పటి కాగితం కావాలి.

నంబరు, కాగితం: కలకత్తా మౌజర్లు

కాగితం విలువ ఎంతటిదో మన స్వాతంత్య్రోద్యమ చరిత్రలోనే చూడవచ్చు. 1914 ఆగస్టు 26న కలకత్తాలోని రోడ్డా అనే ఆయుధాల కంపెనీ గుమాస్తా శ్రీశ్‌చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించాడు. గిడ్డంగికి చేరినవి 192. మిగిలిన పది పెట్టెలు తెస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వాటిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. అవి బెంగాల్ విప్లవకారుల చేతికి చేరాయి.

పిస్తోళ్ల మీద తయారీదారు కొట్టిన నంబర్లున్నాయి. ఆ నంబర్ల జాబితా రోడ్డా కంపెనీ దగ్గర ఉంది. అందుచేత తర్వాత ఎక్కడ ఒక మౌజర్ పట్టుబడినా అది ఆ యాభైలో ఒకటో కాదో పోల్చి చూడడం పోలీసులకు సాధ్యమైంది. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం అప్పటికి 31 దొరికాయి. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర జతీంద్రనాథ్ ముఖర్జీ, ఆయన అనుచరులు పోలీసులతో పోరాడినప్పుడు వారి చేతుల్లో ఉన్నవి మౌజర్ పిస్తోళ్లే.

జర్మన్ మౌజర్‌కు, అమెరికన్ .45కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. మౌజర్ కంపెనీ పూర్తి నంబరును ప్రధాన భాగం మీద కొట్టి, అదే నంబరు చివరి అంకెలను చిన్న చిన్న భాగాల మీద కూడా కొట్టేది. కాబట్టి ఒక మౌజర్‌ను విప్పి చూస్తే ఏ భాగం దానిదో, ఏది పరాయిదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. అమెరికన్ పద్ధతిలో భాగాలు అనామకులు. జర్మన్ పద్ధతిలో ప్రతి భాగం తన ఇంటిపేరు చెబుతుంది.

రంగు కింద దాగిన సంఖ్య

ఇంకొక కథ మన కాలంలోనే ముగిసింది. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ హత్య జరిగింది. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అరెస్టయినప్పుడు భగత్‌సింగ్ దగ్గర ఒక .32 బోరు కోల్ట్ పిస్తోలు దొరికింది. లాహోరు కుట్ర కేసు రికార్డుల్లో దాని నంబరు నమోదైంది: 168896.

తర్వాత ఆ పిస్తోలు జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది. పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రంలో ఉండి, అక్కడి నుంచి 1969లో మరికొన్ని ఆయుధాలతో పాటు ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ శిక్షణ పాఠశాలకు చేరింది. అక్కడ అది ఎన్నో పాత పిస్తోళ్లలో ఒకటి. నల్ల రంగు పూత కింద నంబరు కప్పబడిపోయింది. 2016లో పాత కాగితాల జాడ పట్టుకుని వెతికినప్పుడు, పూత గీకి చూస్తే 168896 బయటపడింది. 2017లో ఆ పిస్తోలు పంజాబ్‌లోని హుస్సేనీవాలాకు చేరింది. భగత్‌సింగ్, రాజగురు, సుఖ్‌దేవ్‌ల సమాధి స్థలం అక్కడే ఉంది.

గమనించండి. దాన్ని గుర్తించింది పిస్తోలు పాతగా కనబడడం వల్ల కాదు, అది కోల్ట్ కావడం వల్లా కాదు. కోల్ట్ ఆ నమూనా పిస్తోళ్లను లక్షల్లో తయారుచేసింది. కోర్టు కాగితంలో ఒక సంఖ్య, ఆయుధం మీద అదే సంఖ్య, మధ్యలో ఒక సంస్థ నుంచి మరో సంస్థకు చేరిన రికార్డు: ఈ మూడూ కలిశాయి.

మూడు సాక్షులు

భాగాల కలయిక మ్యూజియం వాళ్ల సరదా విషయం మాత్రమే కాదు, మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. పిస్తోలు పేల్చినప్పుడు గొట్టం లోపలి మెలికల గాళ్లు గుండు మీద గీతలు వేస్తాయి. ఖాళీ తూటా అడుగున ఫైరింగ్ పిన్, స్లయిడ్ ముఖం తమ ముద్రలు వేస్తాయి. నంబరు మాత్రం చట్రం మీద ఉంటుంది. అంటే గుండు గొట్టం గురించి సాక్ష్యం చెబుతుంది, ఖాళీ తూటా స్లయిడ్ గురించి చెబుతుంది, రిజిస్టరు చట్రం గురించి చెబుతుంది. మూడూ ఎప్పుడూ కలిసే ఉన్నాయని తేలితేనే మూడు సాక్ష్యాలూ ఒకే పిస్తోలు మీద నిలుస్తాయి. గొట్టం మారి ఉంటే గుండు వేలు చూపేది ఇంకో పిస్తోలువైపు. ఒక మనిషిని దోషి అనే ముందు ఈ తేడా చూడకపోతే అన్యాయం జరగవచ్చు.

నంబరును ఎవరైనా ఆకురాయితో రుద్దేస్తే? లోహశాస్త్రం అక్కడ ఆదుకుంటుంది. ఉక్కు సన్నని స్ఫటికాల సముదాయం. అంకెల ముద్రను సుత్తితో కొట్టినప్పుడు కనిపించే గుంటతో పాటు, దాని అడుగున స్ఫటికాలు కూడా నలిగిపోతాయి. పైన రుద్ది గుంటను మాయం చేసినా నలిగిన పొర కొంత లోతు వరకు మిగిలి ఉంటుంది. ఆ చోటును నునుపు చేసి, రాగి లవణం కలిసిన ఆమ్లద్రావణం పూస్తే నలిగిన ఉక్కు, నలగని ఉక్కు వేర్వేరు వేగాలతో కరుగుతాయి. కొంతసేపటికి మాయమైన అంకెలు నీడలా తేలివస్తాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రై పేరుతో పిలిచే ద్రావణం ఇందుకు ప్రసిద్ధి. మరీ లోతుగా రుద్దేస్తే మాత్రం నలిగిన పొర కూడా పోతుంది. అప్పుడు ఏ ఆమ్లమూ దాన్ని తిరిగి తేలేదు.

అందుకే పాత ఆయుధం ఎక్కడైనా కంటబడితే దాన్ని మెరిపించాలని చూడకండి. గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దినా తనిఖీ ముద్రలు, పూత, గీతలు, అంటే దాని జాతకమంతా పోతుంది. అంతకంటే ముఖ్యం, దాన్ని అసలు తాకకండి. లోపల తూటా ఉండవచ్చు. పాతదైనా సరే, లైసెన్సు లేకుండా పిస్తోలు దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. పెద్దలకు చెప్పి పోలీసులకు తెలియజేయాలి.

మళ్లీ సైకిలు షాపుకు వద్దాం. "ఈ సైకిలు ఏ సంవత్సరానిది?" అన్న ప్రశ్నే సరైనది కాదని ఇప్పుడు మీకు తెలిసింది. అడగవలసినవి మూడు ప్రశ్నలు. ఏ భాగం ఎప్పటిది? ఈ భాగాలన్నీ ఎప్పుడు ఒకచోటికి చేరాయి? ఈ వస్తువు ఫలానావారిదని చెప్పే కాగితం, ఏ భాగం గురించి మాట్లాడుతోంది? ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాయగలిగితే మీరు చరిత్రకారుల పని చేసినట్లే. ఏ ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా, ఆ చోటును ఖాళీగా వదలడమే నిజాయితీ. నాన్నగారి జ్ఞాపకాన్ని గౌరవించడానికి చైను కూడా ఆయనదేనని చెప్పనక్కరలేదు. ఫ్రేము ఆయనదైతే చాలు.